కావడి దించిన రేవు

నాసి కందర్ అనే మలయ్ మాటలో నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. కావడిబద్దకు ఒక కొసన అన్నం గిన్నె, ఇంకో కొసన కూరల కుండలు వేలాడదీసుకుని, మలేషియాలోని పెనాంగ్ ద్వీపపు రేవులో ఓడల సరుకు దించే కూలీల దగ్గరకు నడిచి వెళ్ళి తమిళ ముస్లింలు అమ్మిన అన్నం అది. ఇప్పుడు ఆ కావడి కనిపించదు. దాని పేరు పెట్టుకున్న దుకాణాలు మాత్రం పెనాంగ్ ముఖ్య నగరమైన జార్జ్‌టౌన్ వీధుల్లో పగలూ రాత్రీ తెరిచే ఉంటాయి, వాటి ముందు జనం బారులు తీరి నిలబడుతూనే ఉంటారు. ఆ కావడి సంగతి తెలియకుండా కూడా ఆ అన్నం హాయిగా తినవచ్చు, వచ్చినవాళ్ళలో చాలామంది అలాగే తింటున్నారు. కానీ తెలిసి తిన్నప్పుడు ఆ నగరం వేరే నగరంగా కనిపిస్తుందనీ, పర్యాటక ప్రకటనలు చెప్పే ‘సామరస్యం’ అన్న నున్నని మాట వెనక ఉన్న కష్టమూ నేర్పూ అప్పుడే అర్థమవుతాయనీ నా నమ్మకం.

నేనూ మా ఆవిడా పెనాంగ్‌లో ఉన్నది మూడు రోజులే. బయలుదేరే ముందు చుట్టాలూ స్నేహితులూ ఇచ్చిన సలహాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అక్కడ మనం తినడానికి ఏమీ ఉండదు, కందిపొడి, ఆవకాయ, చేగోడీలు సర్దుకోండి, లేకపోతే పస్తులే అన్నారు. మేము మొదట మాట్లాడుకున్న ఒక యాత్రల సంస్థవాళ్ళు ఇచ్చిన పథకంలో ఏడు పూటల భోజనం ఉంటే, ఏడు పూటలూ ఉత్తరాది హోటళ్ళలో రొట్టె, పన్నీరు కూర. అది వద్దనుకున్నందుకు మేము కట్టిన బయానాలో కొంత పోయింది, పోయినా మంచిదే అయింది. సలహా చెప్పినవాళ్ళను నేను తప్పుపట్టను. పరాయి ఊళ్ళో కడుపు చెడుతుందన్న భయమూ, ఏ కూరలో ఏ మాంసం కలిసిందో తెలియదన్న సంకోచమూ నిజమైనవే. అయితే తక్కిన ఊళ్ళ మాట ఎలా ఉన్నా, పెనాంగ్ విషయంలో ఆ సలహా తప్పని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఎవరు ఏమి తింటారు, ఎవరు ఏమి ముట్టరు అన్న ప్రశ్న చుట్టూనే ఈ నగరం రెండు వందల ఏళ్ళకు పైగా తన బతుకును అమర్చుకుంది. మన సంకోచాలు అక్కడివాళ్ళకు కొత్తవి కావు.

కౌలాలంపూర్ నుంచి రైల్లో, ద్వీపానికి ఎదుటి ఒడ్డున ఉన్న బటర్‌వర్త్ వరకు వెళ్ళి అక్కడ పడవ ఎక్కాము. ద్వీపానికి 1985 నుంచి వంతెన ఉంది, పదమూడున్నర కిలోమీటర్ల పొడవైన గొప్ప వంతెనే, కానీ ఇది రేవుగా పుట్టిన ఊరు కాబట్టి నీళ్ళ మీదుగానే చేరుకోవాలని నా పట్టు. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఈ ద్వీపాన్ని పక్కనున్న కేదా రాజ్యపు సుల్తాను నుంచి పొంది, సుంకాలు లేని రేవుగా తెరిచాడు. సుంకం లేదనగానే అన్ని దిక్కుల నుంచీ మనుషులు వచ్చారు. చైనా దక్షిణ తీరం నుంచి హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్ భాషలవాళ్ళు, తమిళనాడు తీరం నుంచి ముస్లిం వర్తకులూ చెట్టియార్లూ, సుమత్రా కొస నుంచి అచే ప్రజలు, అరబ్బులు, ఆర్మీనియన్లు, సయామీలు, బర్మీయులు. వర్తకుల వెనకే కూలీలు. మలయా తోటలకు పోయే మన దేశపు కూలీలు మద్రాసులోనో నాగపట్నంలోనో ఓడెక్కి ముందుగా కాలుపెట్టిన నేల చాలామందికి పెనాంగే. అంటురోగాల భయంతో వాళ్ళను విడిగా ఉంచిన జెరెజాక్ అనే చిన్న దీవి ఇప్పటికీ ద్వీపానికి తూర్పు వైపున పచ్చగా కనిపిస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరి పల్లె. మా వైపు నుంచి సముద్రం దాటినవాళ్ళలో ఎక్కువమంది రంగూన్ పోయారు. ఆ ఊరిని మావాళ్ళు ‘రంగం’ అనేవారు, మా నాయనమ్మ అన్నగారు రంగం వెళ్ళి తిరిగి రాలేదని చిన్నప్పుడు వింటూ పెరిగాను. మలయా వెళ్ళినవాళ్ళు అంతకంటే తక్కువ, తమిళుల సంఖ్య ముందు మరీ తక్కువ. అయినా పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ కొబ్బరితోటల్లో తెలుగు కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, 1955లో మలయా తెలుగువాళ్ళు తమకంటూ ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. పడవ మీద నిలబడి రేవును చూస్తుంటే నాకు ఇవన్నీ గుర్తుకు వచ్చాయి.

ఆ రాత్రే నాసి కందర్ దుకాణానికి వెళ్ళాము. వరసలో నిలబడిన అరగంటసేపూ నేను వడ్డించే మనిషి చేతులనే చూశాను. ఎడమ చేతిలో పళ్ళెం, అందులో పొడిపొడిగా ఉన్న అన్నం. ముందు వరసగా పెట్టిన పెద్ద పళ్ళేల్లో వేయించిన కోడి, మేక మాంసం కూర, చేపల కూర, నల్లగా మెరిసే స్క్విడ్, దూది మూటల్లాంటి చేప గుడ్ల తిత్తులు, నిలువుగా ఉడికించిన బెండకాయలు. మనం వేలితో చూపించిన ముక్క పెట్టాక అసలు పని మొదలవుతుంది. గరిటెను కోడి కూరలో ముంచి అన్నం మీద ఒక గీత, చేప పులుసులో ముంచి ఇంకో గీత, మేక కూరలో ముంచి మూడోది. మూడు రసాలు అన్నం మీదే కలుసుకుని ఒక కొత్త రుచి అవుతాయి. ఇంకా కావాలంటే ‘బంజిర్’ అనాలి. బంజిర్ అంటే వరద. పళ్ళెం అంచు దాకా రసం వచ్చి నిలబడుతుంది. అప్పుడు గల్లా దగ్గరి మనిషి పళ్ళాన్ని ఒక్క చూపు చూసి ధర చెబుతాడు.

ఒంటి చెమట అంతా రేవులో ధారపోసిన మనిషికి తక్కువ డబ్బులో ఎక్కువ అన్నం దిగాలంటే కూర ముక్కల కంటే రసమే ఎక్కువ కావాలి, ఒక కూర రసం కంటే మూడింటి రసం బాగుంటుంది. ఇది నా ఊహే, కానీ పొలంలో కలుపు తీసి వచ్చి పులుసుతోనే కుండెడు అన్నం తిన్న మనుషులను చూసి పెరిగినవాడి ఊహ. ఈ తిండిని పుట్టించిన కూలీలకు దీన్ని గొప్ప వంటకంగా పొగిడే తీరిక ఉండి ఉండదు. ఈ రోజు విమానాలెక్కి వచ్చి దీన్ని పొగుడుతున్న మనం, ఆ పొగడ్తలో కొంత వాటా వాళ్ళకు ఇవ్వాలి.

మరునాడు పొద్దున్నే మస్జిద్ కపితాన్ కెలింగ్ వీధిలో నడిచాము. పాత పేరు పిట్ స్ట్రీట్. ఒక కిలోమీటరు కూడా లేని ఈ దారిని ‘సామరస్య వీధి’ అని పర్యాటకులకు చూపిస్తారు. ఉత్తరపు కొసన సెయింట్ జార్జ్ చర్చి తెల్లని స్తంభాలతో, పచ్చికలో ఒంటరిగా ఉంటుంది. 1818లో పూర్తయిన ఆ చర్చిని కట్టినవాళ్ళు మన దేశం నుంచి కంపెనీ వాళ్ళు శిక్ష వేసి పంపిన ఖైదీలు. ఆ ఒక్క సంగతి తెలిశాక ఆ తెల్లని స్తంభాల ముందు ఫోటో దిగాలని నాకు అనిపించలేదు, కాసేపు ఊరికే నిలబడ్డాను. కొంచెం ముందుకు వెళితే చైనీయుల కరుణాదేవి గుడి, నిలువెత్తు అగరొత్తుల పొగ, పొగలో కళ్ళు మూసుకుని నిలబడిన ముసలివాళ్ళు. ఇంకా ముందుకు వెళితే 1833 నాటి మహామారియమ్మ గుడి. ఆపైన 1801లో మొదలైన కపితాన్ కెలింగ్ మసీదు, గుమ్మటాలతో. దక్షిణపు కొసకు దగ్గర్లో 1808లో అచేవాళ్ళు నిలిపిన మసీదు, హజ్ యాత్రికులు ఓడల కోసం ఎదురుచూస్తూ విడిది చేసిన చోటు.

నాలుగు మతాలు ఒకే వీధిలో ఉన్నాయన్నది నిజమే. కానీ నడిచినవాడికి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మారియమ్మ గుడి ఈ వీధి వైపు తిరిగి లేదు. గోపురమూ ద్వారమూ అవతలి క్వీన్ స్ట్రీట్ వైపు ఉన్నాయి, సామరస్య వీధికి కనిపించేది గుడి వెనక గోడ. దీన్ని లోపంగా నేను చెప్పడం లేదు. ఎవరి గుడి వాళ్ళ జనం వైపు తిరిగి ఉండటం సహజం. అన్ని గుడులూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నవ్వుతున్నట్టు చూపే పటాలు ఆ సహజమైన సంగతిని కప్పేస్తాయి, నా అభ్యంతరం దానితోనే. ఈ మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోలేదు. పక్కపక్కనే, ఎవరి గోడ వాళ్ళు ఉంచుకుని, ఎదుటివాడి గోడను కూల్చకుండా బతికారు. కలిసిపోవడం కంటే ఇది తక్కువదని కొందరు అనుకోవచ్చు. నేను అనుకోను. కలిసిపోవడానికి ప్రేమ చాలు, వేరుగా ఉంటూ పొరుగువాడిని భరించడానికి రోజూ ఓపిక పట్టాలి.

ఆ క్వీన్ స్ట్రీట్ గుమ్మం దగ్గరే నేనొక తప్పు చేశాను. కెలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చింది. పాత మలయ్ రాతల్లో మన తూర్పు తీరం నుంచి వచ్చిన వాళ్ళందరికీ అదే పేరు. కళింగపట్నం మా ఊరికి నడిచి వెళ్ళేంత దూరం, శాలిహుండం బౌద్ధ స్తూపాల గుట్ట మీద నుంచి చిన్నప్పుడు వంశధారను చూశాను, ముఖలింగం శివరాత్రికి వెళ్ళాను. సముద్రం అవతల ఒక మసీదు పేరులో, ఒక వీధి పేరులో మా నేల పేరు వినిపిస్తే గుండె పొంగదా? ఆ పొంగుతోనే, గుడి ముందు మల్లెపూల దండలు అమ్ముతున్న పెద్దావిడతో, మద్రాసులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్న తమిళంలో, మేము కూడా కెలింగ్ వాళ్ళమే అమ్మా అని చెప్పాను.

ఆవిడ చేతిలో దారం ఆగిపోయింది. కాసేపటికి, కోపంగా కాదు, బిడ్డకు చెప్పినట్టు చెప్పింది. మసీదు పేరుగా అనవచ్చు, వీధి పేరుగా అనవచ్చు, మనిషిని మాత్రం ఆ మాటతో పిలవకూడదు తంబీ అంది. ఆవిడ బడికి పోయే రోజుల్లో ఆ మాట వెనక నుంచి వచ్చి తగిలేదట. ఆవిడ పిల్లలకూ తగిలిందట. ఒకప్పుడు దేశం పేరుగా ఉన్న మాట, కూలీల తరాలు మారేసరికి ఈసడింపుగా మారిపోయింది. నేను చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ ఒక మూర పూలు కోసి మా ఆవిడకు ఇచ్చి, డబ్బులు మాత్రం లెక్కగా తీసుకుంది.

అప్పటి నుంచీ నేను ఆ సంగతి ఆలోచిస్తూనే ఉన్నాను. మన పత్రికల్లో, సభల్లో, కళింగ నావికులు సముద్రాలు దాటి ఆగ్నేయాసియాకు నాగరికత మోసుకెళ్ళారన్న వాక్యం తరచుగా వినిపిస్తుంది. ఆ వాక్యం చెప్పేవాళ్ళు ఆ పేరును వీపున మోసిన తోట కూలీల మనవలను ఒక్కసారైనా పలకరించాలి. పేరు మనది, దాని బరువు మోసింది వాళ్ళు. గర్వపడే హక్కు నాకు ఎంత ఉందో ఆ పూలమ్మే ఆవిడ ముందు నాకు తెలిసింది, అది చాలా కొద్ది.

ఇక గోడల సంగతి భోజనంలోనే బాగా కనిపిస్తుంది. చైనీయుల కాఫీ దుకాణాన్ని కోపితియామ్ అంటారు. యజమాని కాఫీ, టీ లాంటి పానీయాలు మాత్రమే అమ్ముతాడు. చుట్టూ ఉన్న చిన్న చిన్న బండ్లను వేరే వంటవాళ్ళకు అద్దెకు ఇస్తాడు. కూర్చున్నవాళ్ళు తిండి ఎక్కడ తెచ్చుకున్నా, కాఫీ మాత్రం యజమాని దగ్గర చెప్పాలి, అది అక్కడి మర్యాద. అలాంటి ఒక బండి దగ్గర చార్ క్వే తియావ్ వండటం చూశాను. బొగ్గుల పొయ్యి మీద ఇనుప మూకుడు, మూకుడు అంచు తాకి పైకి లేచే మంట, అందులో వెడల్పాటి బియ్యపు సేమియా, రొయ్యలు, గుల్లలు, పెసర మొలకలు, గుడ్డు. ఎంతమంది వరసలో ఉన్నా ఆ వంటవాడు ఒక్కో పళ్ళేనికి సరిపడా ఒక్కోసారే వేయిస్తున్నాడు. ఎక్కువ వేస్తే మూకుడు చల్లబడి సేమియా ఉడుకుతుందే తప్ప వేగదు, ఆ కమురు వాసన పట్టదు. రుచి అంతా ఆ కమురులోనే ఉంది. ఒకప్పుడు పగలు చేపలూ గుల్లలూ పట్టి, రాత్రి వాటినే సేమియాలో వేయించి అమ్ముకున్న పేదల వంట ఇదని చెబుతారు.

ఆ దుకాణంలో ఒక్క ముస్లిం కుటుంబం కూడా కూర్చుని లేదు, కూర్చోదు. వేపుడులో పంది కొవ్వు ఉంటుంది. నాసి కందర్ దుకాణంలో పంది మాంసమూ లేదు, మద్యమూ లేదు, కానీ గొడ్డు మాంసం ఉంటుంది, అందుకని హిందువుల్లో కొందరు సంకోచిస్తారు. చైనీయుల్లో కూడా కరుణాదేవిని కొలిచే చాలామంది గొడ్డు మాంసం ముట్టరని అక్కడే తెలిసింది. కాబట్టి అందరూ అన్నీ కలిసి తింటారన్న మాట నిజం కాదు. చైనీయులు తమిళ ముస్లింల దుకాణానికి వస్తారు, తమిళ ముస్లింలు చైనీయుల కోపితియామ్‌కు రారు. రాకపోయినా ఎవరూ నొచ్చుకోరు. ఎవరు దేనికి రారో అందరికీ తెలుసు, పిల్లవాడి పుట్టినరోజుకు పొరుగువాళ్ళను పిలిచేటప్పుడు ఆ లెక్కతోనే వంట మాట్లాడుకుంటారు. ఆ లెక్క తెలిసి ఉండటమే ఆ ఊళ్ళో పెద్దరికం.

మా ఆవిడ శనివారం నీచు ముట్టదు. మేము అక్కడ ఉన్న రెండో రోజు శనివారం. దీనికోసం బెంగపడనక్కర లేకపోయింది. చైనీయులు చాంద్రమాసంలో మొదటి రోజూ పదిహేనో రోజూ మాంసం మానేస్తారు, ఏడాది పొడుగునా మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకోసం శాకాహార దుకాణాలు ఊరంతా ఉన్నాయి. మేము వెళ్ళిన చోట అన్నం పళ్ళెం చేతికిచ్చి, పాతిక రకాల కూరల్లో కావలసినవి మనల్నే వడ్డించుకోమన్నారు. టోఫూ, పుట్టగొడుగులు, చిక్కుళ్ళు, వంకాయ, గోధుమ పిండి జిగురుతో మాంసంలా చేసిన ముక్కలు. ఉల్లీ వెల్లుల్లీ లేవు. దుకాణం నడిపే నడివయసు ఆవిడ సైగలతో, కొద్ది ఇంగ్లీషుతో, ఈ రోజు మీకేమిటని అడిగింది. శనివారమనీ, వెంకన్న మొక్కనీ మా ఆవిడ తెలుగులోనే చెప్పి పైకి చూసి దండం పెట్టింది. ఆవిడ తన గోడ మీది కరుణాదేవి పటం చూపించి అలాగే దండం పెట్టింది. నేను మధ్యలో మాట్లాడవలసిన అవసరం రాలేదు. ఆవకాయ సీసా మూత మూడు రోజులూ తీయలేదు, విశాఖపట్నం తిరిగి వచ్చాక ఇంట్లో తీశాం.

గోడలు ఉన్నాయి కదా, మరి వంటలు ఎలా దాటాయి? ఈ ప్రశ్న దగ్గరే పెనాంగ్ నన్ను పూర్తిగా గెలుచుకుంది. మనుషులు ఒకరి పళ్ళెంలో ఒకరు తినకపోయినా, ఒకరి మూకుడులోకి ఒకరు తొంగి చూశారు. చైనీయుల గోధుమ సేమియాను తమిళ ముస్లింలు తీసుకుని, పంది కొవ్వు తీసేసి, మిరపకాయ ముద్దా బంగాళాదుంపా టోఫూ వేసి మీ గోరెంగ్ మామక్ చేశారు. మామక్ అంటే తమిళంలోని మామే. మన వైపు అట్టు, తమిళుల ఆప్పం అక్కడ చైనీయుల చేతిలో ‘అపోంగ్’ అయింది. ఆ ఊళ్ళోని బర్మా రోడ్డు పక్కన చిన్న చిన్న మూకుళ్ళలో కొబ్బరి పాలు కలిపిన పిండి పోసి, పైన అరటిపండు ముక్కా తీపి మొక్కజొన్న గింజలూ వేసి, మడిచి చేతిలో పెడతారు. అమ్మేవాడు చైనీయుడు, పేరు తమిళానిది, అరటిపండు ఆలోచన ఎవరిదో తెలియదు.

ఇక లక్సా. మూడో రోజు కెక్ లోక్ సి గుడికి వెళ్ళాము. 1890లో కట్టడం మొదలుపెట్టిన ఆ కొండ గుడిలో, 1930 నాటి పదివేల బుద్ధుల గోపురం అడుగు భాగం చైనా తీరులో, నడుము సయామీ తీరులో, శిఖరం బర్మా తీరులో ఉంది. మూడింటినీ కరిగించి నాలుగో తీరు చేయలేదు. ఒకదాని భుజాల మీద ఒకటి నిలబెట్టారు. చాలాసేపు దాన్నే చూశాను. తక్కిన విగ్రహాలూ మెట్లూ ఎక్కడైనా ఉండేవే. దిగి వచ్చి ఆయర్ ఇతామ్ బజారులో అసామ్ లక్సా తిన్నాము. చింతపండు పులుసులో ఉడికించి చిదిమిన చేప, లావుపాటి బియ్యపు సేమియా, పైన కీరదోస, అనాస, పచ్చి ఉల్లిపాయ, పుదీనా, అల్లం జాతి మొక్క పువ్వు మొగ్గ సన్నని తరుగు, ఇంకా రొయ్యలతో చేసిన నల్లని తియ్యటి ముద్ద ఒక చెంచా. మొదటి గుక్కకే మా ఆవిడ తలెత్తి, ఇది మన చేపల పులుసే కదండీ అంది.

అది మన పులుసు కాదు. పులుపు మనదిలాగే ఉంది, ఆ పువ్వు సువాసన మాత్రం మన వంటింటికి ఎప్పుడూ రాలేదు. కానీ చేప సంగతి వేరు. లక్సాలో వేసే చేపను మలయ్ భాషలో కెంబుంగ్ అంటారు. ఆ పేరుతో పిలిచే జాతుల్లో ఒకదాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో చేపలు సేకరించి, మన జాలరులు చెప్పిన పేర్లతో 1803లో ఒక గ్రంథం అచ్చువేశాడు. అందులోని ‘కానాగుర్త’నే కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త శాస్త్రానికి తీసుకున్నాడు. మన కానాగంతల చేపే అది. సముద్రంలో ఆ చేపకు ఎల్లలు లేవు, మా తీరంలో ఎంత ఉందో అక్కడా అంతే ఉంది. తెలుగు జాలరి నోటి మాట ఒకటి ప్రపంచమంతా చేపల పుస్తకాల్లో ఉంటే, దాన్ని చెప్పుకుని గర్వపడటానికి నాకు సంకోచం లేదు, ఎందుకంటే ఆ పేరుతో ఎవరినీ ఎవరూ కించపరచలేదు.

జార్జ్‌టౌన్‌ను మలక్కాతో కలిపి యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అది మంచే అనుకుంటాను, పాత ఇళ్ళు పడిపోకుండా నిలిచాయి. అయితే ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళ కథ అంతకు ముందే మారిపోయింది. అద్దెలను అదుపులో ఉంచిన 1966 నాటి చట్టం 1999 చివరితో ముగిసింది. తరాల తరబడి తక్కువ అద్దెకు ఉన్న చిన్న వర్తకులూ, చేతిపనివాళ్ళూ, కూలీలూ పాత ఊరు వదిలి శివార్లకు పోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్ళలో చాలా వరకు విడిదులు, కాఫీ హోటళ్ళు. ఆర్మీనియన్ స్ట్రీట్‌లో, 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే చిత్రకారుడు గోడ మీద వేసిన సైకిలు తొక్కే పిల్లల బొమ్మ దగ్గర ఫోటోల కోసం పెద్ద వరస ఉంది. బొమ్మ బాగుంది, పిల్లల మొహాల్లో ఉత్సాహం ఉంది. ఆ వీధి ఇళ్ళలో నిజమైన పిల్లలు మాత్రం ఎక్కువగా కనిపించలేదు. ఆ వరసలో మేము నిలబడలేదు.

సముద్రం ఒడ్డున కొయ్య స్తంభాల మీద కట్టుకున్న చైనీయుల వంశపు రేవులకు వెళ్ళాము. చ్యూ, లిమ్, తాన్, లీ, ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో రేవు. వీళ్ళ పెద్దలు సరుకు దించే పడవల మీద బతికినవాళ్ళు, నాసి కందర్ కావడి ఎదురుచూసిన మనుషుల్లో వీళ్ళూ ఉండి ఉంటారు. రెండు రేవులను ఇళ్ళ పథకాల కోసం ఇప్పటికే పడగొట్టారు. మిగిలిన ఇళ్ళ గుమ్మాల మీద, లోపలికి తొంగి ఫోటోలు తీయవద్దని రాసి ఉంది. అది చదివి, చెక్కల దారి మీద చివరి దాకా నడిచి, మారు మాట్లాడకుండా వెనక్కు వచ్చాము.

ఇంకొక్క సంగతి నన్ను వదలడం లేదు. బండ్ల మీద అమ్మే పేరున్న పెనాంగ్ వంటకాలకు ప్రధాన వంటవాళ్ళుగా విదేశీయులను పెట్టకూడదని రాష్ట్ర ప్రభుత్వం 2016 నుంచి నిబంధన అమలుచేసింది. రుచి మారిపోతుందన్నది వాళ్ళ భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అరవై ఏళ్ళు ఒకే మూకుడు ముందు నిలబడిన మనిషి చేతివాటం ఆరు నెలల్లో రాదు. అయినా ఆ నిబంధనను ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. ఈ ఊరి వంటల్లో విదేశీయుడు వండనిది ఏది? కావడి మోసినవాడు విదేశీయుడు, బొగ్గుల మీద మూకుడు పెట్టినవాడు విదేశీయుడు. తేడా అల్లా వాళ్ళు ముందు వచ్చారు, ఇప్పటివాళ్ళు తరువాత వచ్చారు. మా ఉద్దానం కుర్రాళ్ళు గల్ఫ్ దేశాల వంటిళ్ళలో తమకు తెలియని వంటలు నేర్చుకుని వండుతున్నారు. వాళ్ళ చేతి రుచి ఆ దేశానిది కాదని ఎవరైనా అంటే మనకు ఎలా ఉంటుంది? నేర్పవలసింది నేర్పి, నేర్చుకున్నవాడిని వంటవాడని పిలవడమే ఈ నగరం తన మొదటి వందేళ్ళలో చేసిన పని, దాన్ని ఇప్పుడు మానుకోవడం తన పుట్టుకను తానే కాదనడం.

చివరి రాత్రి మళ్ళీ మొదటి రాత్రి వెళ్ళిన నాసి కందర్ దుకాణానికే వెళ్ళాము. శనివారం దాటింది కాబట్టి మా ఆవిడ కూడా వరసలో నిలబడింది. గొడ్డు మాంసం కూర గిన్నెలో ముంచిన గరిటె వద్దని నేను తమిళంలో చెబితే, వడ్డించే కుర్రవాడు ఏమీ అడగకుండా వేరే గరిటె తీసుకుని, చేప పులుసూ కోడి రసమూ మాత్రం పోశాడు. ఎన్నిసార్లు ఎంతమంది అడిగి ఉంటే ఆ చెయ్యి అంత తేలిగ్గా పక్క గరిటె మీదికి పోతుంది! కుర్రవాడిది రామనాథపురం జిల్లా, వచ్చి రెండేళ్ళయిందట, వడ్డన పనేనట, వంట ఇంకా చేతికి ఇవ్వలేదట. మీది ఏ ఊరని అడిగాడు. శ్రీకాకుళం అంటే తెలియలేదు. ఆంధ్రా అన్నాను. ఆంధ్రావాళ్ళకు అన్నం ఎక్కువ కావాలి కదా సార్ అని, నేను అడగక ముందే ఇంకో గరిటె అన్నం పెట్టి, బంజిర్ అని తనే అని, పళ్ళెం అంచు దాకా పోశాడు.